మా ఇంటి గోడ మీద మున్నేరు

మా ఇల్లు ఖమ్మంలో బొక్కలగడ్డ. ఊరు తెలిసినవాళ్ళకి ఈ ఒక్క పేరు చాలు, మిగతా కథ వాళ్ళే చెప్పేస్తారు. తెలియనివాళ్ళ కోసం: ఖమ్మం పట్టణం మున్నేరు ఒడ్డున ఉంది, పట్టణంలో ఏటికి దగ్గరగా, పల్లంలో ఉన్న బస్తీల్లో మాది ఒకటి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. నేను ఇక్కడ హాస్టల్లో ఉన్నాను. పొద్దున ఏడింటికి నాన్న ఫోన్ చేసి "ఏరు పెరుగుతోంది రా, నాయనమ్మని పక్కింటి డాబా మీదికి ఎక్కిస్తున్నాం" అన్నాడు. ఆ తర్వాత రాత్రి దాకా ఫోన్ కలవలేదు. ట్రైన్‌లో వెళ్దామంటే కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. బస్సులో వెళ్దామంటే సూర్యాపేట రోడ్డు మీద నాయకన్‌గూడెం దగ్గర పాలేరు పొంగింది. విజయవాడ వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్దామంటే ఐతవరం దగ్గర హైవే మీదికే నీళ్ళు వచ్చాయి. మూడో రోజుకి గానీ ఇల్లు చేరలేకపోయాను. వెళ్ళేసరికి నీళ్ళు తీసేశాయి. హాల్లో నా ఛాతీ ఎత్తున గోడ చుట్టూ స్కేల్ పెట్టి గీసినట్టు బురద గీత. ఫ్రిజ్ బోర్లా పడి ఉంది. నా ఇంటర్ పుస్తకాలన్నీ కలిసి ఒకటే ముద్ద.

నాయనమ్మ అడిగిన మొదటి మాట: "నువ్వు ఇంజనీరింగే కదరా చదివేది, మళ్ళీ ఎప్పుడొస్తదో లెక్కగట్టి చెప్పు."

నేను సివిల్. హైడ్రాలజీ పేపర్ రాశాను, పాసయ్యాను కూడా. కానీ ఆ రోజు నాకు మున్నేరు ఎక్కడ పుడుతుందో కూడా తెలియదు. చిన్నప్పటి నుంచి రోజూ చూసిన ఏరు! కాల్వొడ్డు బ్రిడ్జి కింద నుంచి వచ్చి ఎటో పోతుంది, అంతే. సిగ్గేసింది. అందుకే ఆ సంక్రాంతి సెలవుల్లో నేను, నా దోస్తు ఒకడు బైక్ మీద దాని పుట్టుక నుంచి చివరి దాకా పోయాం. ఈ వ్యాసం ఆ ప్రయాణం, తర్వాత కూర్చుని కట్టిన లెక్క.

ముందు పేరు సంగతి. మనది తెలుగు క్లబ్ కాబట్టి దీన్ని తప్పించుకోలేను. మా ఊళ్ళో ఎవరిని అడిగినా "మూడు ఏర్లు కలుస్తాయి కాబట్టి మున్నేరు" అంటారు. ఖమ్మానికి ఎగువన తీర్థాల అనే ఊరి దగ్గర మున్నేరు, ఆకేరు, బుగ్గేరు కలుస్తాయి. అక్కడ సంగమేశ్వర స్వామి గుడి ఉంది, శివరాత్రికి పెద్ద జాతర. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక చిక్కు. సంగమానికి ఎగువన డోర్నకల్ వైపు కూడా దాన్ని మున్నేరే అంటున్నారు. మూడూ కలవకముందే మూడేర్ల పేరు ఎలా వస్తుంది? కొందరు ముని పేరు మీద "ముని ఏరు" అంటారు. నాకైతే "మున్" అంటే ముందు, ఆ ముందటి ఏరే మున్నేరు అనిపిస్తుంది. ఇంకో సరదా విషయం: నిఘంటువులో "మున్నీరు" అని ఒక మాట ఉంది. దానర్థం సముద్రం. ఒక్క అచ్చు మారితే మా ఏరు సముద్రం అయిపోతుంది. సెప్టెంబర్ 1న మారింది.

అన్నట్టు, "మున్నేరు నీళ్ళు" అనకండి, "మున్నేటి నీళ్ళు" అనండి. ఏరు ఏటి అవుతుంది, నీరు నీటి అవుతుంది. ఈ మధ్య టీవీల్లో "మున్నేరు వరద" అనేదే వినిపిస్తోంది. మా నాయనమ్మ మాత్రం ఎప్పుడూ తప్పు అనలేదు.

ఇక పుట్టుక. వరంగల్ జిల్లాలో నర్సంపేట దాటి కొంచెం పోతే పాకాల చెరువు వస్తుంది. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టినది. రెండు గుట్టల మధ్య వాగుకి అడ్డంగా కట్ట పోశారు. చుట్టూ అడవి, అభయారణ్యం. మేము వెళ్ళినప్పుడు చెరువు నిండుగా, కదలకుండా ఉంది. ఇదేనా మా ఇల్లు ముంచింది అనిపించింది, నిజానికి ఇది కాదు. ఆ విషయం తర్వాత చెప్తాను. ఈ చెరువు దగ్గర మొదలయ్యే ప్రవాహమే మున్నేరు. పై ఊళ్ళలో "పాకాల ఏరు" అనే అంటారు. గార్లలో ఒక పెద్దాయనని "తాతా, మున్నేరు ఇదేనా?" అని అడిగితే "ఇది పాకాల ఏరు బిడ్డా, మున్నేరు ఆ కిందికి పోతే ఉంటది" అన్నాడు. ఇద్దరం ఒకే నీళ్ళని చూస్తూ మాట్లాడుకుంటున్నాం.

అక్కడి నుంచి మహబూబాబాద్ జిల్లా దాటి ఖమ్మం జిల్లాలోకి వస్తుంది. జనవరిలో చూస్తే దాన్ని ఏరు అనడానికి మొహమాటం వేస్తుంది. వెడల్పాటి ఇసుక, మధ్యలో పాంటు తడవకుండా దాటేంత నీళ్ళు. ఎండాకాలం అయితే ఆ పాయ కూడా ఉండదు, ఇసుకలో చెలమ తీస్తేనే నీరు. ఇదంతా హిమాలయాల నీళ్ళు కాదు, మంచు కరిగి వచ్చేది ఏమీ లేదు. వాన పడితే ఏరు, లేకపోతే ఇసుక. మన దక్కన్ ఏర్లన్నీ దాదాపు ఇంతే. ఈ ఒక్క లక్షణమే వీటిని మోసపూరితంగా చేస్తుంది: ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా కనిపించే జాగా చూసి "ఇక్కడ ఒక గది వేసుకుంటే ఏమవుతుంది" అనిపిస్తుంది. మా తాత కూడా అలాగే అనుకుని ఉంటాడు.

ఇప్పుడు అసలు పాఠం. దయచేసి ఇక్కడ స్క్రోల్ చేసి పోకండి.

మున్నేరుకి అసలు జోడీ ఆకేరు. అది వర్ధన్నపేట వైపు నుంచి మరిపెడ, తిరుమలాయపాలెం ప్రాంతాల మీదుగా వస్తుంది. మ్యాప్ తెరిచి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే దిశలో, పక్కపక్కన, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ తీర్థాల దగ్గర కలుస్తాయి. కలిసిన కొద్ది దూరానికే ఖమ్మం. ఇందులో ప్రమాదం ఏంటంటే, ఒక నదికి ఉపనదులు ఒకదాని తర్వాత ఒకటి దూరదూరంగా కలిస్తే, వాటి వరదలు వేర్వేరు సమయాల్లో వస్తాయి. ఒకదాని పీక్ వెళ్ళిపోయాక ఇంకోటి వస్తుంది. హైడ్రోగ్రాఫ్ పొట్టిగా, పొడవుగా సాగుతుంది. కానీ రెండు ఏర్లు ఒకే రకమైన పొడవు, ఒకే రకమైన వాలుతో, ఒకే మబ్బు కింద నుంచి వచ్చి ఒకే చోట కలిస్తే రెండు పీక్‌లు ఒకేసారి వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. క్లాసులో సూపర్‌పొజిషన్ అని బోర్డు మీద రెండు గీతలు కలిపితే నేను ఆవులించాను. ఆ రెండు గీతలు కలిసే చోటుకి కాస్త దిగువనే మా ఇల్లు ఉంది.

2024 ఆగస్టు 31 రాత్రి పడిన వాన సరిగ్గా ఈ రెండు ఏర్ల మీదే పడింది. తిరుమలాయపాలెం మండలం కాకరవాయిలో ఒక్క రోజులో 52 సెంటీమీటర్లు. మహబూబాబాద్ జిల్లాలో కొన్నిచోట్ల 40 దాటింది. ఖమ్మం పట్టణంలో ఎంత పడిందన్నది ఇక్కడ ముఖ్యమే కాదు. మావాళ్ళు శనివారం రాత్రి నిద్రపోయేటప్పుడు "మన దగ్గర అంత వాన లేదులే" అనుకున్నారు. చాలామంది చేసిన పొరపాటు అదే. మన ఇంటికొచ్చే నీళ్ళు మన ఆకాశం నుంచి రావు.

లెక్క చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు మీద 1 సెంటీమీటరు వాన అంటే 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. 40 సెంటీమీటర్లు అంటే 40 కోట్ల లీటర్లు. అలాంటి వాన 1,000 చదరపు కిలోమీటర్ల మీద పడిందనుకోండి, లెక్క కోసమే. మొత్తం 40 కోట్ల ఘనపు మీటర్లు, 14 టీఎంసీలకి కొంచెం ఎక్కువ. అందులో సగం భూమిలోకి ఇంకింది, చెరువుల్లో ఆగింది అనుకుని తీసేద్దాం. మిగిలిన 7 టీఎంసీలు 24 గంటల్లో ఏట్లోకి వస్తే? ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఏడింటికి దాదాపు 81 వేల క్యూసెక్కులు. అదీ సగటు, పీక్ ఇంకా ఎక్కువ ఉంటుంది. పైగా ఆగస్టు ఆఖరుకి నేల అప్పటికే తడిసి ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి, సగం ఇంకుతుందనుకోవడం మనం వాన మీద చూపించిన దయ. మున్నేరు సబ్-బేసిన్ మొత్తం వైశాల్యం 10,409 చదరపు కిలోమీటర్లు. నేను తీసుకున్నది అందులో పదో వంతు కూడా కాదు.

ఇక్కడే చెరువుల సంగతి చెప్పాలి. ఈ ప్రాంతమంతా గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకి, అది నిండితే ఇంకో దానికి. మామూలు వానకి ఇది అద్భుతమైన ఏర్పాటు, ప్రతి చెరువూ వరదని కొంచెం ఆపి, ఆలస్యం చేసి, నెమ్మదిగా వదులుతుంది. పాకాల లాంటి పెద్ద చెరువు చేసేదీ అదే. అందుకే దాన్ని తిట్టుకోవద్దన్నాను. కానీ గొలుసులో ఒక కట్ట తెగితే ఆ నీళ్ళు ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అది కూడా తెగుతుంది. ఆపేందుకు కట్టినవే అప్పుడు తోసేవి అవుతాయి. రైలు కట్ట కొట్టుకుపోయింది అలా వచ్చిన నీళ్ళకే. ఆకేరు మీద పురుషోత్తమాయగూడెం దగ్గర కారు కొట్టుకుపోయి ఒక యువ శాస్త్రవేత్త, ఆమె తండ్రి చనిపోయారు. ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నారు వాళ్ళు. రాకాసి తండాలో ఇళ్ళే మిగల్లేదు. మా ఇంట్లో పోయింది సామానే. ఇది రాసేటప్పుడు ఆ తేడా మర్చిపోకూడదని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఖమ్మంలో మున్నేరు మట్టానికి 16 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 24 రెండోది. 2023 జులైలో 30 అడుగులు దాటింది. అప్పుడు మా గుమ్మం దాకా వచ్చి రెండు మెట్లు ఎక్కి వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరూ "ఇంతకంటే రాదు, ఇదే రికార్డు" అన్నారు. పదమూడు నెలలకే 36 దాటింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోతే చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తెగించి వెళ్ళి తీసుకొచ్చాడు. ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. ఆ నీళ్ళే అదే సమయంలో మా హాల్లో ఉన్నాయి.

ఖమ్మం దాటాక ఏరు మళ్ళీ పల్లెల మనిషి అయిపోతుంది. దానవాయిగూడెం, ముదిగొండ మండలంలో గంధసిరి, చింతకాని మండలంలో చిన్నమండవ. ఇసుక ట్రాక్టర్లు, గట్టున మిరప తోటలు. తర్వాత రాష్ట్రం మారుతుంది, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో వత్సవాయి మండలం. పోలంపల్లి దగ్గర బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి ఆనకట్ట ఉంది. అంటే ఈ ఏరు అప్పట్లో నిజాం రాజ్యంలో పుట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణలో కలిసేది. వైరా మీద రిజర్వాయర్ నిజాం ప్రభుత్వం కట్టించింది, పోలంపల్లి ఆనకట్ట తెల్లవాళ్ళు కట్టించారు. ఇక్కడ సరిహద్దులు ఎంత వింతగా ఉండేవంటే, కంచికచర్ల పక్కన పరిటాల, దాని చుట్టూ కొన్ని ఊళ్ళు చుట్టూరా బ్రిటిష్ జిల్లా ఉన్నా నిజాం కింద ఉండేవి. ఏటికి ఇదేమీ పట్టినట్టు లేదు.

పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ గుడి సరిగ్గా మున్నేటి ఒడ్డునే. ఏట్లో స్నానం చేసి తడిబట్టలతో గుడికి వెళ్ళేవాళ్ళని చూస్తూ మేము ఇడ్లీ తిన్నాం. టిఫిన్ బండి ఆవిడకి మాది ఖమ్మం అని చెబితే "అయ్యో, మీ దగ్గరి నుంచేగా నాయనా మాకు వచ్చింది" అంది. కోపం లేదు, ఎక్కడి నుంచి వచ్చారని అడిగినట్టే అంది. నాకు మాత్రం ఇడ్లీ దిగలేదు.

ఎందుకంటే 2023 వరద తర్వాత ఖమ్మంలో మున్నేటికి రెండు పక్కలా కాంక్రీటు గోడలు మంజూరయ్యాయి. మా బస్తీలో అందరం సంతోషించాం, నేను కూడా. ఇప్పటికీ అవి కావాలనే అంటాను. కానీ గోడ నీళ్ళని మాయం చేయదు. ఇంతకుముందు మా వీధుల్లో పరుచుకుని కాసేపు ఆగిన నీళ్ళు ఇకనుంచి గోడల మధ్య ఆగకుండా, ఇంకా ఎత్తుగా, వేగంగా దిగువకి పోతాయి. మా హాలు కూడా ఒక రకంగా ఆ రోజు చిన్న రిజర్వాయరే. ఇంకో సమస్య లోపలి వైపు: ఊళ్ళో పడిన వాన డ్రైనేజీల ద్వారా ఏట్లోకే పోవాలి. ఏటి మట్టం డ్రైను కంటే పైకి లేస్తే, గోడలో వన్‌వే తలుపులు, పంపులు లేకపోతే గోడే మనల్ని ముంచుతుంది. గోడ గురించి మాట్లాడే ప్రతి మీటింగులో ఎత్తు ఎంత అని అడుగుతున్నారు, ఈ తలుపుల గురించి అడిగినవాళ్ళని నేను చూడలేదు.

కీసర దగ్గరికి వచ్చేసరికి మున్నేరు ఒంటరిది కాదు. మధిర పక్క నుంచి వచ్చే వైరా, దానితో పాటు కట్టలేరు కలిసిపోయి ఉంటాయి. ఇక్కడే హైదరాబాద్-విజయవాడ హైవే దీన్ని దాటుతుంది. మీలో సగం మంది పండక్కి ఇంటికి పోతూ ఈ బ్రిడ్జి మీద నిద్రపోయి ఉంటారు. కేంద్ర జల సంఘం వాళ్ళు మున్నేటి ప్రవాహాన్ని కొలిచే కేంద్రం కూడా కీసర దగ్గరే.

చివరికి చందర్లపాడు మండలం ఏటూరు. పాకాల నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడ నిలబడితే మున్నేరు చిన్నదైపోతుంది, ఎదురుగా కృష్ణ. మేము చేరేసరికి సాయంత్రం ఐదు. ఒక గేదెల కాపరి, రెండు నాటు పడవలు. సంగమం అంటే ఏదో గుడి, మెట్లు ఉంటాయనుకున్నాను, ఏమీ లేవు. నీటి రంగు కూడా మారలేదు.

కానీ ఆ చోటు ఎంత ముఖ్యమో మ్యాప్‌లో చూస్తే తెలుస్తుంది. కృష్ణ మీద శ్రీశైలం, సాగర్, పులిచింతల వరసగా ఉన్నాయి. పైనుంచి వరద వస్తే గేట్లు ఎప్పుడు ఎత్తాలో, ఎంత వదలాలో కొంతైనా మన చేతిలో ఉంటుంది. మున్నేరు కలిసేది ఈ మూడింటికీ దిగువన. ఏటూరు దాటితే మిగిలింది ప్రకాశం బ్యారేజీ ఒక్కటే, దాని నిల్వ సామర్థ్యం 3 టీఎంసీల చిల్లర. మన ఇందాకటి ఉత్తుత్తి లెక్కలోని 7 టీఎంసీలకే అది చాలదు. పులిచింతల నుంచి వచ్చే వరద, మున్నేటి వరద ఒకేసారి వస్తే బ్యారేజీ గేట్లన్నీ ఎత్తి చూస్తూ ఉండటం తప్ప చేసేదేమీ లేదు. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర ఎన్నడూ లేనంతగా 11 లక్షల 43 వేల క్యూసెక్కులు నమోదైంది. ఖమ్మం తీర్థాల దగ్గర ఏం జరిగిందో, ఇంకా పెద్ద స్కేల్‌లో ఇక్కడ అదే. రెండు పీక్‌లు, ఒకే చోటు.

ఒక అపోహ కూడా తీర్చాలి. "కృష్ణ పోటెత్తి వెనక్కి తన్నడం వల్లే ఖమ్మం మునిగింది" అని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఏటూరు, కీసర దగ్గర బ్యాక్‌వాటర్ నిజమే, కృష్ణ ఎత్తుగా ఉంటే మున్నేరు దిగలేదు. కానీ ఖమ్మం సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తున ఉంది, బ్యారేజీ నిండు మట్టం 18 మీటర్లు కూడా లేదు. ఆ నీళ్ళు వెనక్కి ఎక్కి రావాలంటే ముందు విజయవాడే ఉండకూడదు. గ్రూపులో ఇది పెడితే రెండు థంబ్స్ అప్ వచ్చాయి, మర్నాడు అదే పాత మెసేజ్ మళ్ళీ ఫార్వర్డ్ అయింది.

ఇక నాయనమ్మ ప్రశ్న. మనకి చెప్పిన రిటర్న్ పీరియడ్‌ని నేను కూడా తప్పుగానే అర్థం చేసుకున్నాను. "వందేళ్ళ వరద" అంటే ఒకసారి వస్తే ఇంకో వందేళ్ళు రాదని కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఈ ఏడాది వచ్చినా వచ్చే ఏడాదికి మళ్ళీ అదే నూటికి ఒకటి. ముప్పై ఏళ్ళు అదే ఇంట్లో ఉంటే కనీసం ఒక్కసారైనా చూసే అవకాశం 1 లోంచి 0.99 ముప్పయ్యవ ఘాతం తీసేస్తే వస్తుంది, 26 శాతం. ఒకవేళ మన వరద నిజానికి పాతికేళ్ళదే అయితే అది 70 శాతం. 2023లో ఒక రికార్డు, 2024లో దాన్ని మించిన రికార్డు చూశాక, పాత లెక్కల్లోని నూరు ఇంకా నూరేనని నమ్మడం నా వల్ల కావట్లేదు.

ఇదంతా నాయనమ్మకి చెప్పాను. శాతాలు వదిలేసి, "నీళ్ళు మళ్ళీ వస్తాయి నాయనమ్మా, ఎప్పుడన్నది చెప్పలేను, కానీ వచ్చే ముందు కొన్ని గంటలు టైం ఉంటది" అన్నాను. పైన మహబూబాబాద్, మరిపెడ వైపు గట్టి వాన పడితే ఖమ్మంలో ఎండ కాసినా సామాను సర్దాలి, అది ఒక్కటే నేను ఖచ్చితంగా చెప్పగలిగింది. ఆమె ఒక్క క్షణం ఆగి, "మీ తాత డోర్నకల్ నుంచి వచ్చే పాలాయన్ని అడిగేవాడు, అక్కడ వాన ఎట్లుందని" అంది.

ఇల్లు అమ్మాలని నాన్న, వద్దని నాయనమ్మ చాలా రోజులు గొడవపడ్డారు. అమ్ముదామన్నా కొనేవాడు లేడు, అది వేరే సంగతి. చివరికి డాబా మీద రేకుల గది వేశాం. బియ్యం, సర్టిఫికెట్లు, కుట్టు మిషన్ ఇప్పుడు అక్కడే ఉంటాయి. హాల్లో స్విచ్ బోర్డులన్నీ గీతకి ఒక అడుగు పైకి మార్పించాం. నా ఫోన్‌లో మరిపెడ వాన, తిరుమలాయపాలెం వాన రెండూ సేవ్ చేసి ఉన్నాయి, వానాకాలం రాత్రుళ్ళు హాస్టల్ నుంచే చూసి నాన్నకి మెసేజ్ పెడుతుంటాను. పోయిన సంవత్సరం రెండుసార్లు ఉత్తినే అందర్నీ నిద్రలేపాను. నాన్న తిట్టాడు. నాయనమ్మ మాత్రం రెండుసార్లూ లేచి మెట్లెక్కింది.